సంక్రాంతి రద్దీలో రిసార్ట్ గెస్ట్ హోస్ట్ పని: కోనసీమలో మొదటిసారి చేసేవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

డిసెంబర్ వచ్చిందంటే రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు డిగ్రీ పిల్లల నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "అక్కా, సంక్రాంతి సీజన్‌కి రిసార్ట్‌లో గెస్ట్ హోస్ట్‌గా తీసుకున్నారు. ఏం చెయ్యాలో ఎవరూ సరిగ్గా చెప్పలేదు."

వశిష్ఠ గోదావరి ఒడ్డున, దిండి చుట్టుపక్కల నేను ఆరు సంక్రాంతులు ఈ పని చేశాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. చేరే ముందు ఒకసారి, చేరిన రెండో రోజు ఇంకోసారి చదవండి. రెండోసారి చదివినప్పుడు మీ రిసార్ట్‌కి తగ్గట్టు పక్కన మార్పులు రాసుకోండి.

1. ముందు ఈ పని ఏమిటో తేల్చుకోండి

గెస్ట్ హోస్ట్ అంటే రిసెప్షనిస్ట్ కాదు. మీరు డబ్బు తీసుకోరు, బిల్లు వెయ్యరు, రూమ్ కేటాయించరు. గేటు దగ్గర కారు ఆగినప్పటి నుంచి అతిథి తిరిగి వెళ్లేదాకా ఎక్కడ తికమక పడతాడో అక్కడ మీరుండాలి. మంచు కొండల మీద స్కీ రిసార్టుల్లోనూ ఇదే పేరుతో ఉద్యోగం ఉంది. వాళ్లు జనాన్ని కొండపైకి తీసుకెళ్లే లిఫ్ట్ క్యూ దగ్గర నిలబడి దారి చెబుతారు, ఎవరు ఎటు వెళ్లాలో చూస్తారు. మనకు లిఫ్ట్ స్థానంలో పడవ రేవు ఉంది. మిగతా పని దాదాపు అదే.

ఉద్యోగానికి ఒప్పుకునే ముందు ఇవి అడిగి తెలుసుకోండి. మొహమాటపడితే పండగ రోజుల్లో మీరే ఇబ్బంది పడతారు.

☐ షిఫ్ట్ ఎన్ని గంటలు? పండగ మూడు రోజులూ డబుల్ షిఫ్ట్ ఉంటుందా? ఉంటే దానికి వేరే ఇస్తారా?
☐ రాత్రి షిఫ్ట్ అయితే ఇంటి దగ్గర దింపేది ఎవరు? (ఆడపిల్లలు ఇది నోటిమాటగా వదిలెయ్యకండి. డ్రైవర్ నంబరు తీసుకోండి.)
☐ భోజనం ఎక్కడ, ఏ టైమ్‌కి?
☐ టిప్పులు ఎవరివి వాళ్లవేనా, అందరూ పంచుకుంటారా?
☐ అతిథికి నా అంతట నేను ఏం ఇవ్వచ్చు? టీ, కొబ్బరిబొండం, లేట్ చెక్-అవుట్: వీటిలో దేనికి అనుమతి ఉంది?

చివరి ప్రశ్న చాలామంది అడగరు. అది తెలియకపోతే ప్రతి చిన్నదానికీ మేనేజర్ కోసం వెతుక్కోవాలి. ఈలోగా అతిథి మీ ముందే నిలబడి ఉంటాడు.

2. మొదటి మూడు రోజులు నడవండి

పండగకి కనీసం మూడు రోజుల ముందు చేరండి. ఆ మూడు రోజులూ రిసార్ట్ అంతా కాలినడకన తిరగండి.

మొదటి రోజు ప్రతి రూమ్‌కీ రిసెప్షన్ నుంచి ఎన్ని నిమిషాలు పడుతుందో చూసుకోండి. మీరు నడిచే వేగంతో కాదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ నడిచే వేగంతో. ఏ రూమ్‌కి మెట్లు లేవు, ఏ బాత్‌రూమ్‌లో కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉంది, ఏ రూమ్ దగ్గర జనరేటర్ చప్పుడు వినిపిస్తుంది అన్నవి రాసుకోండి. రూమ్ కేటాయించేది మీరు కాకపోయినా, "వీళ్లతో పెద్దావిడ ఉన్నారు, కింది వరస ఇస్తే బాగుంటుంది" అని ఫ్రంట్ ఆఫీస్‌కి చెప్పగలిగేది మీరే.

రెండో రోజు చీకటి పడ్డాక తిరగండి. లైటు లేని మలుపు, తడిస్తే జారే చప్టా, ఫోన్ సిగ్నల్ అందని చోటు బయటపడేది అప్పుడే.

మూడో రోజు మనుషుల్ని కలవండి. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్, ఎలక్ట్రీషియన్, వంటశాలలో పెద్ద వంటాయన, గేటు దగ్గర వాచ్‌మన్, పడవ నడిపే సరంగు. వీళ్లని పేరుతో, వరసతో పలకరించండి. మన వైపు బాబాయి గారూ, అన్నయ్యా అని పిలిస్తే జరిగే పని, వాకీటాకీలో "హలో హౌస్‌కీపింగ్" అంటే అంత త్వరగా జరగదు. పండగ రోజు మీకు అక్కరకొచ్చేది ఈ ఐదుగురే.

3. జేబులో కార్డు

అరచేతిలో పట్టే అట్టముక్క ఒకటి తీసుకోండి. ఫోన్‌లో రాసుకుంటే చాలదా అని అడుగుతారు. చాలదు. అతిథి మాట్లాడుతుండగా మీరు ఫోన్ తీస్తే ఆయన మాట వినడం మానేశారనుకుంటాడు. కార్డు తీస్తే ఆయన కోసమే చూస్తున్నారని తెలుస్తుంది.

కార్డు మీద ఉండాల్సినవి:

☐ ఆ రోజు పోటు, ఆటు వేళలు
☐ పడవలు బయల్దేరే వేళలు, ఆఖరి పడవ
☐ సూర్యోదయం, సూర్యాస్తమయం (జనవరి మధ్యలో మన దగ్గర సుమారు 6:35, 5:50)
☐ టిఫిన్, భోజనం మొదలయ్యే, ముగిసే వేళలు
☐ ఎన్ని రూమ్‌లు ఖాళీ అవుతున్నాయి, ఎన్ని నిండుతున్నాయి
☐ 108, 112, దగ్గరి ఆసుపత్రి, డ్యూటీ మేనేజర్ నంబర్లు
☐ చుట్టుపక్కల గుళ్లకి పట్టే సమయం, గుడి మధ్యాహ్నం మూసే వేళ

పోటు, ఆటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. దిండి దగ్గర నది సముద్రానికి దగ్గర. రోజుకి రెండుసార్లు నీరు పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. ఈ వేళ రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ ఉదయం 9 గంటలకు పోటు ఉంటే రేపు దాదాపు 9:50కి ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర తేడా ఎక్కువ. ఆటు వేళ రేవులో కింది మెట్లు బయటపడతాయి, వాటి మీద బురద ఉంటుంది, పడవ కిందికి దిగిపోతుంది. పెద్దవాళ్లున్న కుటుంబాన్ని పోటు వేళ పడవకి పంపగలిగితే సగం కష్టం తప్పుతుంది. కచ్చితమైన వేళ రోజూ పొద్దున్నే సరంగుని అడిగి కార్డు మీద రాసుకోండి. నిన్నటిది పనికిరాదు.

దూరాలు కిలోమీటర్లలో చెప్పకండి, పండగ రోజు పట్టే సమయం చెప్పండి. అంతర్వేది, అప్పనపల్లి, అయినవిల్లి, ర్యాలి, అవతలి ఒడ్డున పాలకొల్లు అన్నీ మ్యాప్‌లో దగ్గరే అనిపిస్తాయి. కాలువ గట్ల మీద ఎదురెదురుగా రెండు బస్సులు వస్తే ఆ లెక్క పోతుంది. మీ రిసార్ట్ డ్రైవర్లని అడిగి, వాళ్లు చెప్పినదానికి అరగంట కలిపి రాసుకోండి.

వంటల గురించి కూడా ఒక లైను రాసుకోండి. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు పులస ఉందా అని తప్పకుండా అడుగుతారు. పులస వరద గోదావరి రోజుల చేప, జూలై నుంచి సెప్టెంబర్ దాకా దాని కాలం. జనవరిలో ఉండదు. "ఇప్పుడు దాని కాలం కాదండి, ఇవాళ కొరమేను పులుసు, రొయ్యల ఇగురు ఉన్నాయి" అని సూటిగా చెప్పండి. సముద్రపు ఇలసని పులస పేరుతో చెప్పమని మిమ్మల్ని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. తిన్నాయనకి తేడా తెలుస్తుంది, గుర్తుండేది మాత్రం చెప్పిన మీ ముఖం.

4. పొద్దున్న ఆరు గంటల రౌండ్

షిఫ్ట్ మొదలవగానే ఈ వరసలో వెళ్లండి. వరస మార్చకండి. ముందు రేవుకి వెళ్లాలి, ఎందుకంటే అక్కడ తేడా ఉంటే రోజంతా మారిపోతుంది.

రేవు: మంచు ఎంత ఉంది? సంక్రాంతి రోజుల్లో కొన్ని పొద్దుటిపూటలు అవతలి ఒడ్డు కనిపించదు. సరంగు ఎన్నింటికి తియ్యగలనంటాడో అడగండి. మెట్లు కడిగారా చూడండి.

డైనింగ్: టిఫిన్ టైమ్‌కి అందుతుందా, పిల్లలకి పాలు ఉన్నాయా.

హౌస్‌కీపింగ్: నిన్న ఏ రూమ్‌లో ఏం పాడైంది, బాగయిందా.

గేటు: పార్కింగ్‌లో ఎన్ని బళ్లకి చోటుంది.

రిసెప్షన్: ఇవాళ వచ్చేవాళ్ల జాబితా. ఇందులో చూడాల్సినవి పెద్దవాళ్లు, పసిపిల్లలు, కొత్త దంపతులు, పెద్ద గుంపులు, విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు.

రౌండ్‌కి ఇరవై నిమిషాలు చాలు. ఆ తర్వాత బ్రీఫింగ్‌లో మీరు చూసినది రెండు ముక్కల్లో చెప్పండి. పొద్దున్న పడవ ఆలస్యమని సరంగు అన్నాడంటే, ఆ పడవకి పేర్లు ఇచ్చిన ప్రతి కుటుంబానికీ టిఫిన్ దగ్గరే ఆ మాట చేరాలి. రేవు దాకా నడిచొచ్చాక చెబితే అప్పుడు తగాదా.

5. చెక్-ఇన్ వేళ: కష్టమంతా ఇక్కడే

రూమ్ ఖాళీ అయ్యేది పదకొండింటికి, ఇచ్చేది రెండింటికి అనుకుందాం. కానీ హైదరాబాద్‌లో రాత్రి బయల్దేరి పండగ ట్రాఫిక్‌లో తెల్లవార్లూ డ్రైవ్ చేసి వచ్చిన కుటుంబం ఉదయం ఎనిమిదింటికే గేటు దగ్గర ఉంటుంది. పిల్లలు ఏడుస్తుంటారు, డ్రైవ్ చేసినాయన కళ్లు ఎర్రగా ఉంటాయి. వాళ్లకి మీరు చెప్పే మొదటి మాట "చెక్-ఇన్ రెండింటికండి" అయితే ఆ రెండు రోజులూ వాళ్లు మీతో మామూలుగా మాట్లాడరు.

నా మొదటి సంక్రాంతికి ఇక్కడే తప్పు చేశాను. తొమ్మిదింటికి వచ్చిన ఒక కుటుంబానికి, వాళ్ల మొహాలు చూసి జాలేసి, "గంటలో రూమ్ ఇప్పిస్తానండి" అన్నాను. రూమ్‌లో ఉన్నవాళ్లు ఖాళీ చేసేసరికే పదకొండున్నర అయింది, శుభ్రం చేసేసరికి పన్నెండు దాటింది. ఆ గంట మాట నమ్మి వాళ్లు టిఫిన్‌కి వెళ్లలేదు, బట్టల పెట్టె తియ్యలేదు. వాళ్ల నాయనమ్మగారు మూడు గంటలకు పైగా కారులోనే కూర్చున్నారు. నేను నిజం చెప్పి ఉంటే ఆవిడ స్నానం చేసి, టిఫిన్ తిని, చెట్టు కింద మంచం మీద నడుం వాల్చేవారు. అప్పటి నుంచి నేను పాటించే వరస ఇది.

మొదట కారు దగ్గరికి మీరే వెళ్లండి. వాళ్లు దిగి రిసెప్షన్ వెతుక్కునేలోపే. "ఆయ్, రండి రండి, రాత్రంతా ప్రయాణం చేశారా?" అంటే చాలు. మీది మన యాసే అయితే దాచుకోకండి. కాకపోతే తెచ్చిపెట్టుకోకండి.

రెండు, ముందు బాత్‌రూమ్ చూపించండి. రాత్రంతా ప్రయాణించినవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, మొదట కావాల్సింది అదే. కొబ్బరిబొండం ఆ తర్వాత.

మూడు, ఈ మూడు ప్రశ్నలు అడగండి: మందులు వేసుకోవాల్సినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పసిపిల్లలకి వేడినీళ్లు కావాలా? టిఫిన్ అయిందా?

నాలుగు, రూమ్ గురించి నిజం చెప్పండి. "మీ రూమ్‌లో ఇంకా అతిథులు ఉన్నారండి. పదకొండుకి ఖాళీ చేస్తారు. శుభ్రం చెయ్యడానికి గంట పడుతుంది. పన్నెండున్నర అనుకోండి. అంతకన్నా ముందే అయితే నేనే వచ్చి చెబుతాను." మీకు తెలిసిన సమయానికి అరగంట కలిపే చెప్పండి. ముందే ఇస్తే సంతోషిస్తారు, ఐదు నిమిషాలు దాటినా వాచీ చూస్తారు.

ఐదు, ఆ మధ్య సమయానికి ఏదో ఒక దారి చూపండి. స్నానానికి స్విమ్మింగ్ పూల్ దగ్గర గది, సామాను పెట్టుకోవడానికి చోటు, టిఫిన్, నీడలో మంచం. ఓపిక ఉన్నవాళ్లని దగ్గర్లో ఒక గుడికి పంపచ్చు, గుడి తలుపులు మూసేలోపు వెళ్లి రాగలరో లేదో కార్డు చూసి.

ఆరు, ప్రతి ఇరవై నిమిషాలకీ వాళ్ల దగ్గరికి వెళ్లండి. కొత్త కబురు లేకపోయినా వెళ్లండి. "ఇప్పుడే కనుక్కున్నానండి, శుభ్రం చెయ్యడం మొదలుపెట్టలేదు కానీ రూమ్ ఖాళీ అయింది, నేను అనుకున్న టైమ్‌కే అవుతుంది" అన్న మాట కూడా కబురే. ఆరేళ్లలో నేను చూసినది ఏమిటంటే, ఎదురుచూపు వల్ల కోపం వచ్చినవాళ్లు తక్కువ. తమని మరిచిపోయారేమో అన్న అనుమానంతో కోపం వచ్చినవాళ్లే ఎక్కువ.

గుర్తింపు కార్డుల పని ఫ్రంట్ ఆఫీస్‌ది. కానీ అమెరికా నుంచి వచ్చిన మనవాళ్ల దగ్గర చాలాసార్లు విదేశీ పాస్‌పోర్ట్ ఉంటుంది. అలాంటివాళ్ల వివరాలు 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో పంపడం రిసార్ట్ బాధ్యత. "మా ఊరు పక్కనే అమలాపురం, నాకెందుకండి ఇవన్నీ" అని నొచ్చుకుంటారు. మీరే ముందుగా, పాస్‌పోర్ట్ పెట్టెలో అడుక్కి వెళ్లకముందే, కాస్త చేతికి అందేలా ఉంచుకోమని చెప్పండి.

6. పడవ రేవు

ఇక్కడ మర్యాద కంటే భద్రత ముందు. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి ఎంతోమంది చనిపోయారు. అది పాపికొండల దారి, వరద రోజులు. మనది జనవరి, నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. అయినా ఇదీ అదే గోదావరి. నెమ్మదిగా ఉందన్న ధైర్యంతోనే జాకెట్ విప్పేస్తారు.

పడవ బయల్దేరడానికి అరగంట ముందు:

☐ పేర్ల జాబితా, తలల లెక్క. పడవ మీద రాసిన పరిమితికి ఒక్కరు ఎక్కువైనా తరవాతి పడవే.
☐ లైఫ్ జాకెట్లు: పెద్దవి, పిల్లలవి వేరుగా పెట్టండి. ప్రతి క్లిప్పూ పెట్టి చూడండి. విరిగినది పక్కకి తీసేసి, ఎవరూ వాడకుండా ముడి వెయ్యండి.
☐ మెట్ల మీద నీరు, బురద.
☐ సరంగు సిద్ధమా, తిరిగొచ్చే టైమ్ ఎంత.

ఎక్కించేటప్పుడు జాకెట్ గట్టు మీదే వెయ్యాలి, పడవలో కాదు. పిల్లలకి వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా వస్తే అది ఆ బిడ్డకి పెద్దది. పెద్దల జాకెట్ తాడు బిగించి పిల్లలకి సరిపెట్టకండి. మీ దగ్గర ఆ సైజు లేకపోతే ఆ బిడ్డ ఎక్కకూడదు. ఈ మాట చెప్పడం కష్టం, చెప్పాల్సిందే.

ఒక్కొక్కరుగా, ఒకవైపు నుంచే ఎక్కించండి. అరచేయి కాదు, మోచేతి కింద పట్టుకోండి, తడి చేతులు జారతాయి. ఫోన్ చేతిలో ఉంటే ముందు జేబులో పెట్టమనండి. ముందు ఎక్కినవాళ్లని అవతలి వైపు కూర్చోబెట్టమని సరంగుకి చెప్పండి. సూర్యాస్తమయం వేళ అందరూ ఫోటోల కోసం ఒకే వైపు లేచి నిలబడతారు, పడవ ఒరుగుతుంది. కూర్చుని తీసుకోమని బయల్దేరే ముందే చెబితే వింటారు, మధ్యలో అరిస్తే కంగారు పడతారు.

తాగి వచ్చినవాళ్లని ఎక్కించకూడదు. వాదించకండి. "సరంగు ఒప్పుకోవట్లేదండి" అని తప్పు ఆయన మీదికి నెట్టకండి, పాపం ఆయన ఆ పడవ నడపాలి. "ఇవాళ మిమ్మల్ని పంపలేనండి. రేపు పొద్దున్న మొదటి పడవలో మీకు చోటు ఉంచుతాను" అనండి, అన్నట్టే ఉంచండి. గొడవ పెరిగేలా ఉంటే డ్యూటీ మేనేజర్‌ని పిలవండి. మీరొక్కరే నిలబడాల్సిన పని లేదు.

మంచు తగ్గలేదని, గాలి ఉందని సరంగు ఆగితే అదే ఆఖరి మాట. మేనేజర్ ఒత్తిడి చేసినా, అతిథి రెట్టింపు ఇస్తానన్నా. పడవ తిరిగొచ్చాక మళ్లీ తలలు లెక్కపెట్టండి. పంపినవాళ్లందరూ దిగారని రాసుకున్నాకే రేవు వదలండి.

అంతర్వేదికి వెళ్లేవాళ్లకి ఒక మాట చెప్పి పంపండి. గోదావరి సముద్రంలో కలిసే చోట స్నానానికి లోతుకి దిగవద్దని, పిల్లల చెయ్యి వదలవద్దని. చూడ్డానికి ఇసుక తిన్నెలా ఉంటుంది కానీ కలిసే చోట లాగుడు ఉంటుంది.

7. పండగ నాలుగు రోజులు: ఏ రోజు ఏం వస్తుంది

భోగి: మంట తెల్లవారుజామున. ముందు రాత్రి భోజనం దగ్గరే టైమ్ చెప్పండి, లేపమన్నవాళ్ల రూమ్ నంబర్లు రాసుకోండి. మంట చుట్టూ తాడు కట్టించండి. పాలిస్టర్ పరికిణీలు, చున్నీలు జాగ్రత్త. గాలి ఏ వైపు ఉందో చూసి కుర్చీలు వెయ్యండి. సాయంత్రం పిల్లలకి భోగిపళ్లు పోస్తారు. రేగిపళ్లు, చెరకు ముక్కలు, చిల్లర, బంతిపూల రేకులు ముందే కలిపి ఉంచండి. ఎంతమంది పిల్లలో మధ్యాహ్నానికే కనుక్కోండి.

సంక్రాంతి: కొత్త అల్లుడితో వచ్చే కుటుంబాలు ఎక్కువ. అత్తగారు మిమ్మల్ని పక్కకి పిలిచి పిండివంటల గురించి అడుగుతారు. ఆవిడ దృష్టిలో అది పరువు విషయం, తేలిగ్గా తీసుకోకండి. వంటశాలలో ఏముందో కనుక్కుని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం మడతకాజా ముందురోజు చెబితే తెప్పించగలరేమో చూడండి. పండగ రోజు అప్పటికప్పుడంటే కష్టం.

కనుమ: "కనుమ నాడు కాకి కూడా కదలదు" అంటారు కదా. ఇది మీ రోస్టర్‌ని తలకిందులు చేస్తుంది. కనుమ నాడు చెక్-అవుట్ ఉన్నవాళ్లలో చాలామంది ఆ రోజు ప్రయాణం వద్దని ఆగిపోతామంటారు. రూమ్‌లేమో వేరేవాళ్లకి బుక్ అయి ఉంటాయి. సంక్రాంతి పొద్దున్నే ఆ జాబితా తీసుకుని ఒక్కొక్కరినీ అడగండి: "రేపు బయల్దేరుతున్నారా అండి, ఉండాలనుకుంటున్నారా?" ఒక రోజు ముందు తెలిస్తే ఫ్రంట్ ఆఫీస్ ఏదో ఒకటి సర్దగలదు. కనుమ పొద్దున్న పదకొండుకి తెలిస్తే ఎవరూ ఏం చెయ్యలేరు.

అదే రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం. ఏకాదశ రుద్రుల ప్రభలు (వెదురుతో కట్టి, రంగుల గుడ్డలతో అలంకరించి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన చట్రాలు) పొలాల మీదుగా, కాలువలు దాటుకుంటూ వస్తాయి. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటం ఇదే కావడంతో ఇప్పుడు బయటివాళ్లు కూడా పేరు పెట్టి అడుగుతున్నారు. వెళ్తామన్నవాళ్లకి చెప్పాల్సినవి: తొందరగా బయల్దేరాలి, కారు దూరంగా ఆపి నడవాలి, చెప్పులు పొలం గట్లకి తగినవి వేసుకోవాలి, నీళ్లు పట్టుకెళ్లాలి. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టమనండి. ప్రభ కాలువ దాటుతుంటే గట్టు అంచున నిలబడవద్దని మరీ మరీ చెప్పండి. అంబాజీపేట వైపు రోడ్లు సాయంత్రం దాకా కదలవు కాబట్టి రాత్రి భోజనం వీళ్లకి ఆలస్యంగా ఉంచమని వంటశాలకి చెప్పండి.

కోడిపందేల సంగతి. బరి ఎక్కడ అని రోజుకి పదిమంది అడుగుతారు. 1960 జంతు హింస నిరోధక చట్టం, 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ప్రకారం అది నేరం. మీరు దారి చెప్పకండి, బండి మాట్లాడి పెట్టకండి, ఎవరి నంబరూ ఇవ్వకండి. "అది మేము ఏర్పాటు చెయ్యమండి. పిల్లలతో చూడాలంటే మన దగ్గరే సాయంత్రం గంగిరెద్దు, హరిదాసు వస్తున్నారు" అని మాట మార్చండి. ఊళ్లో అందరికీ తెలిసిందే కదా అని మీకూ అనిపిస్తుంది. అయినా యూనిఫాం వేసుకుని చెబితే అది రిసార్ట్ చెప్పినట్టు.

ముక్కనుమ: అందరూ ఒకేసారి బయల్దేరతారు. ముందురోజు రాత్రే బిల్లు చూసుకోమని చెప్పండి. సామాను మోసేవాళ్లని తొమ్మిదింటికల్లా వరండాలో ఉంచండి. రాజమహేంద్రవరంలో విమానం ఎక్కేవాళ్లు ముందు బయల్దేరాలి. పొద్దుటి విమానాలు మంచు వల్ల ఆలస్యం కావచ్చు, ఫోన్‌లో చూసుకుని కదలమనండి.

8. కోపంగా ఉన్న అతిథి ఎదురైతే

ముందు ఆయన్ని నలుగురి మధ్య నుంచి పక్కకి, నీడకి తీసుకెళ్లండి. కూర్చోమనండి, మీరూ కూర్చోండి. నిలబడి మాట్లాడితే గొంతు పెరుగుతుంది.

చెప్పేదంతా చెప్పనివ్వండి. మధ్యలో "కానీ అండి" అనకండి. ఆయన ఆగాక, విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పండి: "గీజర్ పనిచెయ్యట్లేదని రాత్రి రెండుసార్లు చెప్పారు, ఎవరూ రాలేదు. పొద్దున్న పాపకి చన్నీళ్లు పోశారు. అంతేనాండి?" సరిగ్గా చెబితే ఆయన భుజాలు కాస్త దిగుతాయి.

తర్వాత ఇప్పుడు ఏం చేస్తారో, ఎన్ని నిమిషాల్లో చేస్తారో చెప్పండి. చేశాక మళ్లీ వెళ్లి కనుక్కోండి. ఎలక్ట్రీషియన్ వెళ్లాడు కదా అని వదిలెయ్యకండి. వెళ్లడం వేరు, నీళ్లు వేడెక్కడం వేరు.

తిట్టినా, చెయ్యెత్తబోయినా, అసభ్యంగా మాట్లాడినా మీరు భరించాల్సిన పని లేదు. ఒక్కసారి స్పష్టంగా "అలా మాట్లాడకండి" అని, అక్కడి నుంచి జరిగి మేనేజర్‌ని పిలవండి. ఏం జరిగిందో ఆ రోజే రాసిపెట్టండి. కొత్త పిల్లలు ఇది ఉద్యోగంలో భాగం అనుకుని ఇంటికి వెళ్లి ఏడుస్తారు. ఇది ఉద్యోగంలో భాగం కాదు.

9. ఎక్కువగా చేసే పొరపాట్లు, వెంటనే చెయ్యాల్సినవి

తెలియనిదానికి జవాబు చెప్పడం. "తెలియదండి" అని వదలకండి, ఊహించీ చెప్పకండి. "కనుక్కుని పది నిమిషాల్లో చెబుతాను" అనండి. పదో నిమిషానికి వెళ్లండి.

దూరం నుంచి చెయ్యి చూపించి దారి చెప్పడం. మొదటిసారి వచ్చినవాళ్లతో కనీసం మలుపు దాకా నడవండి. పడవ వేళ మీరు కదల్లేకపోతే దారిలో ఏం కనిపిస్తుందో చెప్పండి: "ఆ రెండు కొబ్బరిచెట్లు దాటాక ఎడమవైపు."

ఇద్దరు హోస్టులు రెండు మాటలు చెప్పడం. ఇది జరిగితే మీ తోటివాళ్లని తప్పుపట్టకండి. "నేను సరిచూసి చెబుతానండి" అని, ఇద్దరూ కలిసి ఒక మాటకి వచ్చాక ఒక్కరే వెళ్లి చెప్పండి.

సర్దుబాటు చేస్తానని చెప్పి మరిచిపోవడం. అతిథి ముందే కార్డు వెనక రాసుకోండి. షిఫ్ట్ చివర ఆ వెనక వైపు చూడకుండా వెళ్లకండి.

తినకుండా పనిచెయ్యడం. మూడింటికి చిరాకు వస్తుంది, అది మీ ముఖంలో కనిపిస్తుంది. పదకొండున్నరకి, చెక్-ఇన్ రద్దీకి ముందే, కొంచెం అయినా తినండి. నీళ్ల సీసా వెంట ఉంచుకోండి. గట్టి కొత్త షూ పండగ రోజు మొదటిసారి వెయ్యకండి.

10. షిఫ్ట్ అప్పగింత

తరవాతి హోస్ట్ వచ్చాక పది నిమిషాలు ఆగండి. ఫోన్‌లో మెసేజ్ పెట్టి వెళ్లిపోవద్దు. ఇద్దరూ కలిసి ఒకసారి నడుస్తూ మాట్లాడుకోండి.

☐ ఇంకా తీరని ఫిర్యాదులు, రూమ్ నంబరుతో
☐ ఎవరికి ఏం మాట ఇచ్చారు, ఎన్ని గంటలకి
☐ ఒంట్లో బాగోలేనివాళ్లు, గర్భవతులు, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు
☐ పడవలన్నీ తిరిగొచ్చాయా, ఎన్ని తలలు
☐ ఆలస్యంగా తిరిగొచ్చే కుటుంబాలు, వాళ్లకి ఉంచిన భోజనం
☐ రేపటి పోటు వేళ, సరంగు చెప్పినట్టు

మీరు మాట ఇచ్చిన అతిథి దగ్గరికి వీలైతే ఇద్దరూ కలిసి వెళ్లండి. "నా డ్యూటీ అయిపోయిందండి. మీ లేట్ చెక్-అవుట్ సంగతి ఈ అమ్మాయికి చెప్పాను, ఇక తను చూసుకుంటుంది" అని ముఖం చూపించి, పేరు చెప్పి అప్పగించండి. తర్వాత వాకీటాకీ ఛార్జింగ్‌లో పెట్టండి, మిమ్మల్ని దింపే బండి వచ్చిందో లేదో వాచ్‌మన్‌ని అడగండి, ఇంటికి ఫోన్ చేసి బయల్దేరుతున్నానని చెప్పండి.